అరసవల్లి యాత్ర: ఒక ఉగ్గుగిన్నె కథ

గడచిన మాఘమాసమున మా మనుమని నెత్తుకొని నేనును నా కోడలును అరసవల్లి యాత్రకు బయలుదేరితిమి. బిడ్డకు ఎనిమిది నెలలు నిండినవి. వాడు పుట్టినప్పుడు సూర్యనారాయణస్వామికి మ్రొక్కుకొన్న మ్రొక్కు తీర్చుటయు, నాగావళి యొడ్డున నున్న మా అక్కగారి యూరిలో నాలుగు దినములు నిలిచి వచ్చుటయు మా సంకల్పము. దేవుని చూడబోయిన నేను దేవునితో పాటు నా తప్పును గూడ చూచి వచ్చితిని. తప్పును దాచుకొనుట సులభమే. కాని నావంటి అత్తగార్లును అమ్మమ్మలును ఈ పత్రిక చదువు సోదరీమణులలో పెక్కండ్రుందురు గనుక, ఆ నాలుగు దినముల కథ ఉన్నదున్నట్లు వ్రాయ సాహసించుచున్నాను.

మా యిల్లు విజయనగరములో, 1713లో కట్టిన కోటకు కూతవేటు దూరమున నున్నది. ఆఱవ నెల నిండగానే బిడ్డకు అన్నప్రాశనము చేసితిమి. మేనమామ ఒడిలో కూర్చుండబెట్టుకొని వెండిగిన్నెలోని పరమాన్నము నాకించెను. పుస్తకము, కలము, బంగారు గొలుసు, పువ్వులు ముందుంచగా, వాడు బోర్లపడి చేయి చాచి కలము పట్టుకొనెను. చుట్టములందఱు మురిసి భోజనములు చేసి వెళ్లిరి. ఆ పూటతో వేడుక ముగిసినది. బిడ్డ యన్నము కూడ ఆ పూటతోనే ముగిసినదని ఇప్పుడు చెప్పుటకు సిగ్గుపడుచున్నాను.

"ఏడాది నిండువఱకు పసివానికి అన్నమరుగదు, పాలు చాలును" అనునది నా నమ్మకము. అందుచేత దినమునకు రెండు పూటలు అన్నపు గంజి తేర్చి, గుడ్డతో వడగట్టి, చిటికెడు ఉప్పువేసి, నా చేతులతో నేనే త్రాగించుచుంటిని. త్రాగించుటకు మా అమ్మ నాకిచ్చిన కంచు ఉగ్గుగిన్నె యున్నది. దానితోనే నేను పెరిగితిని. దానితోనే నా కొడుకు పెరిగెను. ఆ గిన్నె చేత పట్టుకొన్నప్పుడు నాకు కలుగు గర్వము ఇంతంత కాదు. కోడలు ఒకటి రెండు మారులు "అత్తయ్యా, కొంచెము మెత్తని అన్నము పప్పుతో కలిపి పెట్టుదుమా?" అని అడిగినది. "మేము పిల్లలను పెంచలేదా అమ్మాయీ?" అని నేనంటిని. అంతటితో ఆమె నోరు మూతపడినది.

*

ఉదయపు బండిలో బయలుదేరితిమి. నెల్లిమర్ల దగ్గఱ బండి చంపావతి వంతెన మీద పోవుచుండగా, ఎండకు తళతళలాడు సన్నని నీటిపాయలను బిడ్డకు చూపించితిని. ఆ యేటి పేరు మా జిల్లాలో ఏటికే గాక ఒక పంటకు కూడ ఉన్నది. విజయనగరము వ్యవసాయ పరిశోధన స్థానమువారు పుట్టించిన చోడి వంగడములలో ఒకటి చంపావతి, మఱియొకటి వేగావతి. రెండును మా సీమలోని యేళ్ల పేర్లే. ఇతర ప్రాంతములవారు రాగులు, తైదలు అను ధాన్యమును మేము చోళ్లందుము. మా చిన్నతనమున చోడి అంబలి త్రాగనిదే రైతు పొలమునకు పోయెడివాడు కాడు. తరువాత తెల్లబియ్యము ఇంటింటికి వచ్చినది. చోళ్లు కూలివాండ్ర తిండియని పెద్దయిండ్లవారు చిన్నచూపు చూచిరి. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించిన పిమ్మట, విడిచిపెట్టిన ఆ ధాన్యమునే అందమైన సంచులలో అధిక ధరకు కొనుచున్నాము.

మా యెదుట బల్లమీద ఒక రైతుకుటుంబపు స్త్రీ కూర్చున్నది. పొందూరులో దిగవలసినదట. ఆమె ఒడిలోని పిల్ల ఏడవ నెలలో నున్నదని చెప్పినది. మావాని కంటె నెల చిన్నది. ఐనను నిలువుగా కూర్చుండి, కిటికీ ఊచ గట్టిగా పట్టుకొని, ఎదుటివారిని నిదానించి చూచుచున్నది. మావాడు నా భుజముమీద వాలియున్నాడు. చీపురుపల్లి దాటునప్పటికి వాడు ఏడ్పు మొదలుపెట్టగా, సీసాలో తెచ్చిన గంజితేట ఉగ్గుగిన్నెలో పోసి త్రాగించితిని.

ఆమె కొంతసేపు చూచి, ఉండబట్టలేక అడిగినది: "ఏటమ్మా, గుంటడికి నీల్లు తాగిస్తన్నారేటి?"

"నీళ్లు కావమ్మా, గంజి" అంటిని.

"గంజైతే మాత్రం! ఏలికి అంటుకోనిది ఒంటికేటి అంటుతాదమ్మా?"

ఇట్లని ఆమె తన మూటనుండి చిన్న డబ్బా తీసినది. అందులో చోడిపిండియు పెసరపప్పును కలిపి ఉడికించి నేయి వేసిన ముద్ద యున్నది. చేయి కడుగుకొని, ఇంత వ్రేలితో తీసి పిల్ల నోట పెట్టినది. ముద్ద వ్రేలినుండి జాఱలేదు. పిల్ల నాలుకతో అటునిటు త్రిప్పి మ్రింగి, మఱల నోరు తెఱచినది. ఐదాఱు మారులు తిని, పిమ్మట తల ప్రక్కకు త్రిప్పుకొన్నది. "సాలంటంది" అని ఆమె డబ్బా మూసినది.

చదువెఱుగని స్త్రీ నాకు బుద్ధి చెప్పుటయా అని మనసు చివుక్కుమన్నది. పొందూరు వచ్చినది. వలుగ చేప దవడతో ప్రత్తిని దువ్వి, సన్ననూలు వడికి, చేతిమగ్గముపై ఖద్దరు నేయు ఊరది. ఆమె పిల్ల నెత్తుకొని దిగిపోయినది. ఆమె మాట మాత్రము మా పెట్టెలోనే యుండిపోయినది. దూసి దాటి నాగావళిని దాటునప్పుడు కోడలి ముఖము చూచితిని. ఆమె కిటికీ వంక తిరిగియున్నది.

*

మఱునాడు ఆదివారము. అరసవల్లి శ్రీకాకుళమునకు సుమారు రెండు కిలోమీటర్ల దూరమున నున్నది. క్రీస్తు శకము 7వ శతాబ్దమున తూర్పుగాంగ రాజగు దేవేంద్రవర్మ ఈ యాలయము కట్టించెనని ప్రతీతి. మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని ఉదయములందు ఉదయభానుని కిరణములు గోపురద్వారము దాటి వచ్చి మూలమూర్తి పాదములను తాకునని దూరదూరమునుండి జనులు వత్తురు. మేము వెళ్లినది ఆ దినములు కావు. ఐనను మాఘమాసపు ఆదివారము గనుక పుష్కరిణి గట్టున ఇసుక వేసిన రాలనట్లు జనమున్నారు.

స్త్రీలు ఇటుకలు పేర్చి పొయ్యిలు వెలిగించి స్వామికి క్షీరాన్నము వండుచుండిరి. మేమును ఒక మూల పొయ్యి పెట్టుకొంటిమి. పాలు పొంగగనే బియ్యము వేసి, పెసరపప్పు వేసి, అడుగంటకుండ కలుపుచు, గరిటె నిలుచునంత చిక్కపడిన పిమ్మట బెల్లము వేసి దించితిమి. "పలుచగా నున్నది, ఇంకను ఉడుకవలెను" అని ప్రక్కపొయ్యి ముసలమ్మ నాకు హెచ్చరిక కూడ చేసినది. స్వామికి పలుచని పాయసము పెట్టరాదట.

నివేదన చేయించి వచ్చి చెట్టునీడను కూర్చుండగా బిడ్డకు ఆకలి వేళయైనది. నేను సంచినుండి గంజిసీసా తీసితిని. ఒక చేత దేవునికి వండిన చిక్కని క్షీరాన్నము, మఱియొక చేత బిడ్డకు వడగట్టిన గంజితేట. నిన్నటి పొందూరు స్త్రీ మాట మఱల చెవిలో వినబడినది. నేనేమియు అనక సీసా ప్రక్కన పెట్టి, క్షీరాన్నములో బెల్లము తక్కువగానున్న అడుగుభాగము మెత్తగా మెదిపి, వ్రేలితో వాని నోట పెట్టితిని. వాడు నా వ్రేలు విడువలేదు.

*

సోమవారమునాడు అక్కగారి యూరిలో అంగన్‌వాడీ కేంద్రమున పిల్లలను తూచు దినము. 1975 అక్టోబరు 2న మన దేశమున మొదలైన శిశు అభివృద్ధి పథకము క్రింద ఊరూర వెలసిన కేంద్రములలో అదియొకటి. అక్క తన మనుమరాలిని తీసికొని పోవుచు మమ్మును రమ్మన్నది. "పసిబిడ్డను తూచిన దిష్టి తగులును" అని నేను వెనుకాడితిని. కోడలు మాటాడక తన చేతిసంచినుండి ఒక కార్డు తీసినది. అది తల్లీబిడ్డల రక్షణ కార్డు. అందులో బిడ్డ యెదుగుదల గీచు పటమున్నది. ఆమె నాకు తెలియకుండ ఏడవ నెలలో కూడ బిడ్డను తూయించి వచ్చినదని అప్పుడు తెలిసినది.

ఆఱవ నెలలో 7 కిలోల 400 గ్రాములు. ఏడవ నెలలో 7 కిలోల 450. ఆనాడు తూచగా 7 కిలోల 500.

"గీత ఆకుపచ్చ భాగములోనే యున్నది గదా" అని నేను ధైర్యము తెచ్చుకొంటిని.

కార్యకర్త చిన్నవయసుదే కాని ఓర్పుగలది. "ఎక్కడ నున్నదని కాదమ్మా, ఎటు నడచుచున్నదని చూడవలెను. ఈ గీత పైకెక్కవలసినది అడ్డముగా పోవుచున్నది. పటమున పసుపు భాగము దానికి దగ్గఱ పడుచున్నది. బాబుకు ఏమి పెట్టుచున్నారు?" అని అడిగినది.

చెప్పితిని. ఆమె లెక్కకట్టి చూపినది. ఆ లెక్క నేను మఱవలేదు, మీరును మఱవకుడని వ్రాయుచున్నాను. పసివాని కడుపు వాని బరువులో కిలో యొక్కింటికి 30 మిల్లీలీటర్ల చొప్పున మాత్రమే పట్టును. మావానికి పట్టునది ఒక పావులీటరునకు లోపే. ఆఱు నెలలనుండి ఎనిమిది నెలలవఱకు నున్న బిడ్డకు తల్లిపాలు గాక దినమునకు సుమారు 200 కెలోరీల బలము ఆహారమునుండి రావలెను. ఒక చెంచాడు పిండి, అనగా పది గ్రాములు, గిన్నెడు నీళ్లలో కాచినచో దానిలో నుండునది 35 కెలోరీలు. 200 కెలోరీలు కావలెనన్న అటువంటి గిన్నెలు ఆఱు త్రాగవలెను. ఆఱు గిన్నెలు త్రాగిన బిడ్డకు తల్లిపాలకు చోటెక్కడ? "మీరు వడగట్టి పోసిన తేటలో ఆ ముప్పదియైదును లేవమ్మా. కడుపు నిండును, ఏడ్పు మానును, ఒళ్లు మాత్రము నిండదు" అని ఆమె ముగించినది.

కడుపు నిండినంత మాత్రమున బిడ్డ తిన్నట్లు కాదనునది నలుబది యేండ్ల కాపురమున నాకు తోచని సంగతి. ఆ దినమున ఇంటికి వచ్చి నేను కోడలిని అడిగితిని: "తెలిసియుండియు ఏల చెప్పలేదమ్మాయీ?"

"చెప్పితిని అత్తయ్యా. మీరు బాధపడుదురని రెండవమాఱు చెప్పలేదు" అన్నది. ఆమె కన్నులు నిండినవి. ఇంటిలో నా మాట చెల్లుచున్నదని నేను మురియుచుండగా, దాని ఖరీదును బిడ్డ కట్టుచున్నాడు.

*

మా అక్క నన్ను ఏమియు అనలేదు. పెరటిలోనికి తీసికొనిపోయి, చాటలో ఆరబోసిన చోళ్లు చూపినది. ప్రతి గింజకును తెల్లని సన్నని మొలక యున్నది. "నీవు పలుచన చేయుటకు నీళ్లు పోసితివి. నేను పలుచన చేయుటకు మొలక కట్టుదును" అన్నది. ఆమె చెప్పిన పద్ధతి యిది:

ఏడు పాళ్లు చోళ్లకు మూడు పాళ్లు పెసలు కొలిచి, రెండును వేఱువేఱుగా రాళ్లేరి, నాలుగైదు నీళ్లు కడిగి, ఒక రాత్రి నానబెట్టవలెను. ఉదయమున నీళ్లు వంచి పలుచని శుభ్రమైన గుడ్డలో మూటకట్టి, తడి యారకుండ నీళ్లు చిలుకరించుచుండవలెను. పెసలకు ఒక దినము చాలును. చోళ్లకు ఒకటి రెండు దినములు పట్టును. మొలక వచ్చిన పిమ్మట ఎండలో గలగల లాడునట్లు ఎండబెట్టి, చేతులతో నలిపి మొలకలు రాల్చి చెఱుగవలెను. సన్ననిసెగపై కమ్మని వాసన వచ్చునంత వఱకే వేయించవలెను, మాడ్చరాదు. విసరి, జల్లించి, తడి తగులని డబ్బాలో పోసికొనవలెను. పదునైదు దినములకు సరిపడ మాత్రమే చేసికొనుట మేలు. మొలకకట్టునప్పుడు జిగురుగాని బూజుగాని పుల్లవాసనగాని వచ్చినచో ఎంత ధాన్యమైనను పాఱవేయవలెనే గాని బిడ్డకు పెట్టరాదు.

వండునప్పుడు రెండు మూడు చెంచాల పిండి చన్నీళ్లతో ఉండలు లేకుండ కలిపి, సన్ననిసెగపై కలుపుచు, చివరకు బాగుగా తుకతుక ఉడికించవలెను. ఇక్కడనే ఆశ్చర్యము. మామూలు పిండి అంత వేసినచో గట్టి ముద్దయగును. మొలకపిండి మాత్రము జారుడుగా, బిడ్డ మ్రింగుటకు అనువుగా నుండును. గింజ మొలకెత్తునప్పుడు దానిలో పిండిపదార్థమును విఱుగగొట్టు ఒక జీర్ణరసము పుట్టును. దానిని శాస్త్రజ్ఞులు ఎమైలేజు అందురు. అది జావ యొక్క జిగురును తగ్గించును గాని బలమును తగ్గించదు. మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థవారు కూడ మొలకకట్టిన చోళ్లు, పెసలతో శిశువుల యాహారము చేయు పద్ధతిని పరిశీలించియున్నారు. నీటితో పలుచనయిన గంజి వేఱు, మొలకతో మెత్తనయిన జావ వేఱు. చూపునకు రెండును ఒక్కటే. బిడ్డ యొంటికి మాత్రము తేడా తెలియును.

చోళ్లలో మఱియొక గుణము కలదు. 1918లో కూనూరున పుట్టి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పరిశోధనశాల, నేటి జాతీయ పోషకాహార సంస్థ, మన ధాన్యములను పరీక్షించి పట్టికలు వేసినది. వాని ప్రకారము నూఱు గ్రాముల చోళ్లలో ఎముకలకు కావలసిన కాల్షియము సుమారు 350 మిల్లీగ్రాములు. అంతే తూకపు తెల్లబియ్యములో పది మిల్లీగ్రాములకు మించదు. కూలివాండ్ర తిండియని మనము త్రోసివేసినదేమో ఇప్పుడు తెలిసినది గదా!

*

బుధవారమునాడు అక్కయు మేమును కళింగపట్నము వెళ్లితిమి. వంశధార సముద్రమున కలియుచోటు అది. పూర్వము ఓడలు వచ్చిపోయిన రేవు. ఇప్పుడు దీపస్తంభము, ఇసుకతిన్నెలు, తాటిచెట్లు, ఒడ్డున లాగిన పడవలు. ఒక పడవ నీడను వలలు బాగుచేసికొనుచున్న స్త్రీ తన బిడ్డకు అన్నములో ఉడికించిన చేప కలిపి పెట్టుచున్నది. ప్రతి ముద్దను రెండు వ్రేళ్ల నడుమ నలిపి, ముల్లు లేదని రూఢి చేసికొని గాని నోట పెట్టలేదు. ఆమె వ్రేళ్ల జాగ్రత్త చూచి నేను చాలసేపు నిలుచుంటిని.

తల్లి కడుపులోనుండి తెచ్చుకొన్న ఇనుము బిడ్డకు ఆఱు నెలలవఱకే నిలుచును. తల్లిపాలలో ఇనుము స్వల్పము. అందుచేతనే ఆఱు నెలలు నిండగానే అన్నము మొదలిడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. అంతకు ముందు తల్లిపాలు దప్ప నీళ్లు కూడ అక్కఱలేదందురు. చేప, గ్రుడ్డు, మాంసము తినువారింట ఈ లోటు తీర్చుట తేలిక. మెత్తగా ఉడికించి, మెదిపి, ముల్లును ఎముకయు లేకుండ పెట్టవచ్చును. మావంటి శాకాహారులు మఱింత జాగ్రత్తగా నుండవలెను. పప్పు, పెసలు, మెత్తగా ఉడికించి నూఱిన తోటకూర, పాలకూర, వానితో పాటు నాలుగు చుక్కల నిమ్మరసము కలిపినచో ఇనుము ఒంటబట్టును. ఇంతేగాక ఆఱు నెలలు దాటిన బిడ్డలకు వారమునకు రెండు మారులు ఒక్కొక్క మిల్లీలీటరు చొప్పున ఇచ్చు ఇనుపమందును ప్రభుత్వ కేంద్రములలో అడిగి, వారు చెప్పినట్లు వాడవలెను.

*

తిరుగుప్రయాణమున ఆమదాలవలసకు వచ్చుటకు ముందు బుడితి వెళ్లితిమి. కంచు ఇత్తడి సామానునకు పేరుపడిన గ్రామమది. సుత్తి దెబ్బల చప్పుడు వీధి మొగలోనే వినవచ్చినది. నా ఉగ్గుగిన్నెకు అడుగున సొట్టపడగా బాగుచేయించుకొనవలెనని తీసికొనిపోయితిని. పనివాడు దానిని చేతిలో త్రిప్పుచుండగా నా చూపు దాని ముక్కుమీద నిలిచినది. గోటి వెడల్పైన లేని సన్నని ముక్కు. దానినుండి జాఱవలెనన్న పదార్థము నీళ్లవలె నుండవలసినదే. చిక్కని జావ పోసినచో ముక్కులో అడ్డుపడును. నేను బిడ్డకు తగిన యాహారము వండి గిన్నె చూడలేదు. గిన్నె ముక్కునకు తగిన యాహారము వండితిని! పూర్వులు దానిని చేసినది పాలకు, మందునకు, ఉగ్గునకు. అన్నము వచ్చిన పిమ్మట దానిని గూటిలో పెట్టవలెనని నాకు తోచలేదు.

సొట్ట తీయించి, దానితో పాటు వెడల్పు మూతిగల చిన్న గిన్నె కొని, కోడలి చేతికిచ్చితిని. "ఇక నీవే పెట్టుము అమ్మాయీ" అంటిని. మా యిద్దఱి నడుమ అంతకు మించి మాటలు జరుగలేదు.

*

విజయనగరము చేరగానే వైద్యునకు చూపితిమి. రోగమేమియు లేదనియు, చాలినంత ఆహారము లేకపోవుటయే కారణమనియు చెప్పెను. గీత రెండు నెలలు వరుసగా అడ్డముగా పోయినను, క్రిందికి దిగినను, దిష్టి యని ఊరుకొనక వైద్యునకు చూపవలెను.

మేము ఇప్పుడు పాటించు నియమములు సోదరీమణుల కుపయోగపడునని క్లుప్తముగ వ్రాయుచున్నాను. ఆఱవ నెల నిండగనే రెండు మూడు పెద్ద చెంచాలతో ఆరంభించి, ఎనిమిది నెలలవఱకు దినమునకు రెండు మూడు మారులు, క్రమముగా పావులీటరు గిన్నెలో సగము వఱకు పెట్టవలెను. తొమ్మిదవ నెలనుండి అంతే గిన్నెడు మూడు నాలుగు మారులు, నడుమ ఒకటి రెండు మారులు మెదిపిన అరటిపండు, ఉడికిన చిలగడదుంప వంటివి. ఏడాది నిండిన పిమ్మట ముక్కాలు గిన్నెనుండి నిండు గిన్నె వఱకు, ఇంటివారు తినునవే కారము లేకుండ. చెంచా వంచినను వెంటనే జాఱిపోని చిక్కదనముండవలెను. ప్రతి పూటను చెంచాడు నేయి గాని నూనె గాని కలిపినచో కడుపులో చోటు ఆక్రమించకయే సుమారు 45 కెలోరీలు చేరును. రెండేండ్లు నిండువఱకును, అటుపైనను తల్లిపాలు మాన్పింపరాదు.

ఏడాదిలోపు బిడ్డకు ఉప్పు, పంచదార అవసరము లేదు. తేనె నాకించుట మన యాచారమైనను ఏడాది నిండువఱకు మానవలెను. దానిలో నుండగల ఒక సూక్ష్మజీవి పసివాని ప్రేవులలో పెరిగి విషము పుట్టించి, ప్రాణమునకే ముప్పు తేగలదు. వేరుసెనగ గింజలు, సెనగలు వంటివి విడిగా చేతికీయరాదు, గొంతున అడ్డుపడును. మెత్తగా నూఱి కలుపవచ్చును. పాలసీసాలు వలదు, గిన్నెయు చెంచాయు చాలును. డబ్బాల యాహారము కొననిదే బిడ్డ పెరుగదను భ్రమ కూడ వలదు. రెండేండ్లలోపు బిడ్డల డబ్బాపాలకును ఆహారములకును ప్రకటనలు చేయరాదని మన దేశమున చట్టము చేసియున్నారు. అన్నింటికంటె ముఖ్యము, బిడ్డ తల త్రిప్పుకొన్నప్పుడు ముక్కు మూసి కుక్కరాదు. పొందూరు బండిలోని ఆ తల్లి వలె "చాలనుచున్నాడు" అని గ్రహించి ఆపవలెను.

తొమ్మిది నెలలు నిండిననాడు కోడలు బిడ్డను తూయించి వచ్చినది. ఈమాఱు నేనును వెంట వెళ్లితిని. 8 కిలోలు తూగెను. పటములో గీత పైకి తిరిగినది. ఇంటికి రాగానే వాడు బుడితి గిన్నె చూచి రెండు చేతులు చాచి కేకలు పెట్టెను. కోడలు మొలక చోడిజావలో పప్పు మెదిపి, నేయి వేసి, చల్లార్చి నా ముందుంచి, "నేడు మీరు పెట్టుడు అత్తయ్యా" అన్నది.

వ్రేలితో తీసి చూచితిని. వ్రేలికి అంటుకొన్నది. వాని నోట పెట్టితిని.